పొడుగు స్వరాలు

చిత్తూరు,
6 జులై 2025

సునీల్,

ముందు క్షేమం అడిగి తర్వాత కోప్పడటం మీ నాయన పద్ధతి. మా అన్నకున్న ఆ ఓపిక నాకు లేదు. నువ్వు పంపిన పార్సిలు నిన్న సాయంత్రం అందింది. రాత్రి భోజనం సహించలేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో నువ్వు "సరే అత్తా, సూస్తాలే అత్తా" అని పెట్టేస్తావు. కాగితం మీద అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

నూట ఎనభై ఏళ్ళ కిందట ఒక జర్మన్ ఆయన ఐదుగురి కోసం రాసిన సంగీతం అది. పియానో, రెండు వయొలిన్లు, వయోలా, సెల్లో. పెద్ద హాలు కోసం కాదు, ఒక ఇంటి గదిలో ఎదురెదురుగా కూర్చుని వాయించుకోవడానికి. దాన్ని నీ సెల్లో ముందూ, మా చర్చి పిల్లలు పద్దెనిమిది మంది చుట్టూ ఉండి వాయించేట్టు మార్చి రాస్తానని నువ్వే అన్నావు. నవంబరులో తిరుపతిలో కచేరీ పెడతామని మునిరామయ్య గారి సంగీత సమితి ఒప్పుకుంది. పిల్లలు ఇంటింటికీ చెప్పుకున్నారు.

కాగితాలు విప్పితే ఏముంది? సెల్లోకి పేజీల నిండా సంగీతం. పిల్లలకు పొడుగు స్వరాలు. విల్లు ఒక తీగె మీద మోపు, ఊపిరి ఆగేదాకా సాగదియ్యి, ఇంకో తీగెకు మారు, మళ్ళీ సాగదియ్యి. మొదటి వయొలిన్ పాడే పాట నువ్వు తీసుకున్నావు. పియానో కుడిచేతి పాట నువ్వు తీసుకున్నావు. రెండో భాగంలో వయోలా ఒంటరిగా ఎత్తుకునే పాట ఒకటుంది, మూలం తెరిచి చూశాను. అది కూడా నీకే.

మా గుంపులో అందరివీ వయొలిన్లే, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా ఒక్కటే ఉంది, అది భానుశ్రీది. ఆ అమ్మాయి ఈ రెండు నెలలూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు కోస్తోంది. సొన తగిలి వేళ్ళు పొరలు లేచాయి. ఆ వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, తుడుచుకుని, సాధనకు వస్తుంది. నీ కాగితంలో తన వంతు చదివి చెబితే ఏమందో తెలుసా? "మేడమ్, ఇది గేటు కాడ నిలబడుకునే పని మాదిరి ఉండాది." నేను ఒక పేజీ తిట్టినా అంత సరిగ్గా చెప్పలేను.

ఆ ఐదుగురిలో నౌకరు లేడు సునీల్. నువ్వు పద్దెనిమిది మందిని తయారు చేశావు. ఎందుకో రాయి.

కోపం తగ్గని
అత్త కృపామణి


చెన్నై,
14 జులై 2025

అత్తకు వందనాలు. నువ్వు అడగలేదు గానీ, నేను క్షేమమే.

నీకు ఏ కాగితం చూపించినా దాంట్లో ఒక దొర, ఒక కూలివాడు కనపడతారు. పెళ్ళి భోజనంలో కూడా వడ్డన ఎటునుంచి మొదలైందో చూసి కొట్లాడిన మనిషివి. ఇది సంగీతం. సెల్లో గొంతు కింద ఉంటుంది. దాని పైన అంతమంది వయొలిన్లు అల్లుకుంటే అది బావిలో పడ్డ చెంబే, ఎవరికీ వినపడదు. అందుకే మిగతావాళ్ళకు కింద పరుపులాగా పొడుగు స్వరాలు ఇస్తారు. నేను కనిపెట్టింది కాదు, పదకొండేళ్ళుగా సినిమా పాటల్లో నేను చేస్తున్న పనే అది.

ఆ పని కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఒకప్పుడు నలభై మంది కూర్చున్న హాల్లో ఇప్పుడు ఒకడు కీబోర్డు పెట్టుకుని కూర్చుంటున్నాడు. పోయిన నెల నన్ను రెండే సార్లు పిలిచారు. ఇన్నేళ్ళలో నా పేరు ఏ పాట పక్కనా పడలేదు. ఈ కచేరీ కాగితం మీద పడుతుంది. అది కూడా నీకు దోపిడీలాగే కనపడితే నేనేం చేసేది?

ఇంకొకటి. ఈస్టర్ నాడు ఏమైందో నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. మూడో పాట మధ్యలో సగం మంది ఆగిపోతే నువ్వు మైకులో "కరెంటు పోయింది" అని చెప్పావు. నీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. తిరుపతిలో అట్లా జరగకూడదనే తేలిక పని ఇచ్చాను. తక్కువ పనికి తక్కువ తప్పులు.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. నేనూ, నా స్నేహితులు నలుగురూ కలిసి పూర్తిగా వాయించి రికార్డు చేశాం. పిల్లలు దాన్ని పెట్టుకుని సాధన చెయ్యొచ్చు. ప్రచారానికి కావాలంటే సమితికీ ఒక కాపీ పంపాను. కాగితాలు మాత్రం మార్చొద్దు. మార్చేట్టుంటే నాకు చూపించు.

నీ మేనల్లుడు
సునీల్‌కుమార్


చిత్తూరు,
3 ఆగస్టు 2025

సునీల్,

మార్చాను. చూపించను.

సెల్లో మునిగిపోతుందన్నావు. ఒప్పుకుంటాను. మునిగే చోట పిల్లల్ని తగ్గించు, ఇద్దరితో వాయించు. విల్లు పక్కన పెట్టించి వేళ్ళతో మీటించు. నీ పాటను పైతీగె మీదికి ఎక్కించు. ఇన్ని దారులున్నప్పుడు నీకు దొరికింది అందరి నోళ్ళూ మూయించే దారేనా? తాను వినపడాలంటే మిగతావాళ్ళు మాట్లాడకూడదు అనుకునేవాళ్ళను నేను మండలాఫీసులో చూశాను, మా స్కూలు స్టాఫ్‌రూములో చూశాను, చర్చి కమిటీలో మరీ చూశాను. వాళ్ళలో ఒక్కడికీ సెల్లో రాదు. అంతే తేడా.

తక్కువ పనికి తక్కువ తప్పులట. ఇరవై ఎనిమిదేళ్ళ టీచరు ఉద్యోగంలో ఈ మాట విని విని చెవులు కాయలు కాశాయి. కాలనీ పిల్లలకు లెక్కలు ఎక్కవు, తేలికవి చెప్పండి. తేలికవి చెప్పాం, కష్టమైనవి రాలేదు. చూశారా, రాలేదు, మేం ముందే చెప్పాం. నువ్వు కూడా ఆ కాలనీ నుంచే వెళ్ళావు. నీకు సెల్లో పట్టుకోవడం నేర్పినప్పుడు మీ నాయన "వీడికి పొడుగు స్వరాలు చాలు" అనలేదు.

ఈస్టర్ సంగతి. ఫ్యాను తిరుగుతూ ఉందన్నది నిజం. అబద్ధం చెప్పాను. మళ్ళీ చెప్తాను, నా పిల్లల్ని చూసి నవ్వడానికి సిద్ధంగా ఉన్న జనం ముందు వంద సార్లు చెప్తాను.

ఇంక పని సంగతి. మన చర్చిలో నేను తప్ప ఎవరూ గీతల మీద రాసే సంగీతం చదవరు, డో రే మి అక్షరాల్లోనే చదువుతారు. నువ్వూ అట్లాగే మొదలుపెట్టావు. అందుకని మూలంలోని ఐదుగురి పాటలూ ముందు పెట్టుకుని, నీ కాగితాల కొలత చెడకుండా, ఎవరిది వాళ్ళకు పంచి అక్షరాల్లో రాశాను. వయోలా పాట భానుశ్రీకి తిరిగొచ్చింది. ఆ పాట మొదటిసారి చదువుకుంటూ వాయించి "ఇది నాదేనా మేడమ్, పొరపాట్న ఇచ్చినారా" అని అడిగింది. పొరపాటు అంతకు ముందు జరిగిందని చెప్పాను.

నీ పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టాను. పిల్లలకు వినిపించను. వింటే నీలాగా వాయించాలని చూస్తారు. ముందు వాళ్ళలాగా వాయించనీ.

ఇరవై నాలుగో తేదీ ఆదివారం మునిరామయ్య గారు సాధన చూడటానికి వస్తారట. రానీ.

కాగితం అయిపోయి ఆపుతున్న
అత్త


చిత్తూరు,
24 ఆగస్టు 2025, రాత్రి

సునీల్‌కుమార్ గారికి,

మీరు అనుకున్నది జరిగింది. సంతోషపడండి.

మునిరామయ్య కారులో స్పీకరు తెచ్చుకున్నాడు. "మీ సునీలు పంపిన రికార్డింగుతో కలిపి వాయించండి మేడమ్, ఆ సెల్లోతో కలిస్తే ఎట్లుంటాదో సూస్తాను" అన్నాడు. సరే అన్నాను. మొదటి భాగం బాగా నడిచింది. ఆయన కాలు కూడా ఆడించాడు. రెండో భాగం మధ్యలో, సరిగ్గా వయోలా పాట దగ్గర, అంతా చెడింది. స్పీకరులో ఒక సంగీతం, ఎదురుగా ఇంకో సంగీతం. పిల్లలు బెదిరి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, అయినా ఆపకుండా చివరిదాకా వాయించారు. నేను చెవులు మూసుకోవాల్సి వచ్చింది.

రికార్డింగు ఆపి మళ్ళీ వాయించమన్నాను. చక్కగా వాయించారు. పెట్టి వాయిస్తే మళ్ళీ చెడింది. విడిగా బాగుండి దానితో కలిస్తేనే చెడిందంటే దోషం దేనిలో ఉన్నట్టు? ముప్పై ఏళ్ళుగా పాట నేర్పుతున్న చెవులు నావి. కాగితం మీద ఒక శ్రుతి రాసి రికార్డింగులో ఇంకో శ్రుతిలో వాయించారు మీరు. వాళ్ళు పడిపోతారని ముందే చెప్పారు, పడేట్టు గుంత కూడా తీశారు.

మునిరామయ్య ఏమన్నాడో వినండి. "ఎందుకు మేడమ్ ఇన్ని అగసాట్లు. సెన్నై రికార్డింగు బెమ్మాండంగా ఉండాది. ఆ రోజు దాన్నే స్పీకర్లో ఏసుకుందాం. మీ పిల్లోళ్ళు తెల్లసొక్కాయిలేసుకోని విల్లు ఆడిస్తే సాలు. సునీలు ఒక్కడు నిజంగా వాయిస్తాడు. ఎవురు కనిపెడతారు?"

ముందు పొడుగు స్వరాలన్నారు. ఇప్పుడు ఆ స్వరాలు కూడా లేవు. శబ్దం లేని పిల్లలు, మీ వెనక అలంకారానికి.

ఇకమీదట నన్ను అత్త అని పిలవనక్కర్లేదు.

కృపామణి


చెన్నై,
2 సెప్టెంబరు 2025

కృపామణి గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు సెల్లో ముట్టుకోలేదు. తర్వాత భానుశ్రీకి ఫోన్ చేసి, మీరు రాసిచ్చిన కాగితాలకు ఫొటోలు తీసి పంపమన్నాను. పంపింది. నాలుగో పేజీ దగ్గర ఆగాను.

డో అంటే మన స లాంటిదేనని నాకు ఏడేళ్ళప్పుడు మీరే చెప్పారు. శ్రుతి ఎక్కడ పెట్టుకుంటే డో అక్కడ. పాట మధ్యలో శ్రుతి మారితే, ఇక్కణ్ణుంచి డో ఇది అని పేజీ నెత్తిన రాయాలి. రాయకపోతే మొట్టికాయ. ఆ మొట్టికాయలు నాకు గుర్తున్నాయి. వయోలా పాట దగ్గర శ్రుతి మారుతుంది. అక్షరాలన్నీ మీరు కొత్త శ్రుతికే సరిగ్గా రాశారు. నెత్తిన కొత్త డో మాత్రం రాయలేదు. పిల్లలు పాత డో మీదే వాయించారు. పద్దెనిమిది కాగితాల్లోనూ అదే చేతిరాత, అదే ఖాళీ.

అత్తా, ఇప్పుడు కోపం పక్కన పెట్టి ఒక్క మాట ఆలోచించు. వాళ్ళు తప్పు వాయించలేదు. నువ్వు రాసింది రాసినట్టు, అందరూ ఒకే తప్పు శ్రుతిలో, ఒక్కరు కూడా జారకుండా వాయించారు. పక్కన స్పీకరు ఇంకో శ్రుతిలో అరుస్తున్నా పట్టు వదల్లేదు. నా స్టూడియోలో పెద్దవాళ్ళను అట్లా చెయ్యమంటే రెండో నిమిషంలో జారిపోతారు. ఈ పిల్లలు నాకు తెలియరని ఇప్పుడు తెలిసింది.

నువ్వు పంచిన తీరు కూడా చూశాను. బాగుంది. రెండు చోట్ల సెల్లోను తొక్కేస్తుంది గానీ బాగుంది. అది నాకు తట్టలేదని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. నువ్వు నన్ను గుంత తీసినవాడు అన్నావు చూడు, దానికి మాత్రం నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను.

మునిరామయ్యకు తప్పు నీదని చెప్పు. చెప్తావా? కరెంటు పోయిందంటావా?

సునీల్


చిత్తూరు,
14 సెప్టెంబరు 2025

సునీల్,

చెప్పాను. తిరుపతి బస్సెక్కి వెళ్ళి, సమితి ఆఫీసులో నలుగురి ముందు చెప్పాను. పిల్లలది కాదు, రాసిన నాది తప్పు, డో మార్చడం మర్చిపోయాను, కావాలంటే మళ్ళీ వచ్చి వినండి అన్నాను. ఆయన విన్నాడు, కాఫీ తెప్పించాడు. "తప్పు ఎవురిదైతే ఏం మేడమ్. ప్రోగ్రాం సెడిపోకూడదు గదా. రికార్డింగు ఉండంగా రిస్కు ఎందుకు? మీ పిల్లోళ్ళకి తిరపతి స్టేజి దొరికిందే గొప్ప" అన్నాడు. కాఫీ తాగకుండా వచ్చాను.

నా తప్పు ఒప్పుకుంటే వాళ్ళ తీర్పు మారుతుందనుకున్నాను చూడు, అది నా రెండో తప్పు. ఆ ఆదివారం పిల్లలు ఎంత బాగా వాయించినా ఆయన ఇంకో కారణం వెతికేవాడు. రికార్డింగు ఎదురు తిరగదు, నీళ్ళడగదు, బస్సు ఛార్జీ అడగదు, ఏ కాలనీదో తెలియదు. అట్లాంటి పిల్లలే కావాలి వీళ్ళకు.

మా వాళ్ళకు కూడా చెప్పాను. భానుశ్రీ నవ్వింది. "అయితే మీరు తప్పు రాసినారు, మేం కరెక్టుగా వాయించినామన్న మాట" అంది. నాలుగో పేజీకి వాళ్ళే ఒక్కొక్కరూ నెత్తిన కొత్త డో రాసుకున్నారు, నా చేతికి ఇవ్వకుండా.

నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అడిగించుకోకుండా తీసుకుంటున్నాను, లెక్కలో వేసుకో.

వేదిక మీద విల్లు ఆడించడమా, మానడమా అనేది పిల్లలు ఇంకా తేల్చుకోలేదు. కొందరు వెళ్దామంటున్నారు, ఇంట్లోవాళ్ళు తిరుపతి అని ఊరంతా చెప్పుకున్నారు. కొందరు వద్దంటున్నారు. రెండు ఆదివారాలు మాట్లాడుకుంటామన్నారు. నేను నోరు మూసుకుని కూర్చుంటున్నాను. అది ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు.

అత్త


చెన్నై,
24 సెప్టెంబరు 2025

అత్తా,

నీ ఉత్తరం చదివాక ఆగలేకపోయాను. నిన్న మునిరామయ్యకు రాతపూర్వకంగా పంపేశాను. ఆ రికార్డింగు మాది, వేదిక మీద వెయ్యడానికి ఒప్పుకోం. పిల్లలు నిజంగా వాయించకపోతే నేనూ రాను. పేరు కాగితం మీద పడకపోతే పోనీ. రాత్రి ఆయన ఫోన్ చేశాడు. "ఏందప్పా, ఆయమ్మ మాట పట్టుకోని బంగారట్లా సాన్సు పోగొట్టుకుంటావు. మాకేం, కీబోర్డు ఆయన్ని పిలిపిచ్చుకుంటాం" అన్నాడు. పిలిపించుకోమన్నాను. మన కచేరీ రద్దయింది.

అంతేకాదు. నీ పంపకాన్ని ఆధారం చేసుకుని మొత్తం మళ్ళీ రాశాను, దీంతో పంపుతున్నాను. రెండో భాగం మొత్తం భానుశ్రీది. నేను తీసుకున్నవన్నీ తిరిగిచ్చేశాను. సెల్లోకి పొడుగు స్వరాలు. వెనక వరుసలో కూర్చుంటాను. ఎప్పుడు, ఎక్కడ పెట్టుకున్నా సరే.

ఈసారైనా నీకు నచ్చుతుందని రాస్తున్న
సునీల్


చిత్తూరు,
5 అక్టోబరు 2025

ఒరేయ్ సునీల్,

రద్దు చెయ్యడానికి నువ్వెవడివిరా?

పిల్లలు తేల్చుకుంటామన్నారని నీకు రాశాను. రెండు ఆదివారాలు కావాలన్నారని రాశాను. నువ్వు మధ్యలో మంగళవారం లేచి వాళ్ళ తరఫున ధర్మయుద్ధం చేసి, కచేరీ పోగొట్టి, నాకు శుభవార్తలాగా రాశావు. భానుశ్రీకి ఈ సంగతి మునిరామయ్య మనిషి ఫోన్ చేస్తే తెలిసింది. "మీ సెల్లో ఆయన వద్దన్నాడంట గదా" అన్నాడట. అందరూ విల్లులు సర్దుకుని కూర్చున్నారు. రికార్డింగు నీది, వద్దనే హక్కు నీకుంది. వాళ్ళ కచేరీ వద్దనే హక్కు ఎవరిచ్చారు? పద్దెనిమిది మంది ఉండగా మళ్ళీ నువ్వొక్కడివే వాయించావు. ఈసారి సెల్లో కూడా లేకుండా.

నీ కొత్త కాగితాలు కూడా చూశాను. అన్నీ దానం చేసి వెనక వరుసలో కూర్చుంటాడట. నువ్వు తీసుకున్నప్పుడు అడగలేదు, ఇచ్చేటప్పుడూ అడగలేదు. ఐదుగురు మాట్లాడుకునే గదిలో ఒకడు నోరు మూసుకుని గోడ వైపు తిరిగితే మిగతావాళ్ళు సమానమవరు, ఇబ్బంది పడతారు. నిన్న నీ కాగితం చదివి చెబితే భానుశ్రీ, "ఇదేంది మేడమ్, ఈయనకి రాదా ఏం?" అని అడిగింది. వస్తుందని చెప్పాను. "మరి వాయించమనండి, మాకు సెల్లో కావాల" అంది.

ఇక వాళ్ళు తేల్చినవి రాస్తాను. నావి కావు, నాకు కొన్ని నచ్చలేదు కూడా.

తిరుపతి అని ఊర్లో చెప్పారు కాబట్టి తిరుపతిలోనే వాయిస్తారు, అదే నవంబరులో, మునిసిపల్ కార్మికుల యూనియన్ ఆఫీసు మీదున్న హాల్లో. మన పిల్లల్లో ముగ్గురి అమ్మలు చిత్తూరు శాఖ తరఫున ఆ యూనియన్‌లో ఉన్నారు, వాళ్ళే మాట్లాడారు. హాల్లో వేదిక లేదు. నేల మీద కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు, జనం చుట్టూ కూర్చుంటారు. వయోలా పాట మొదటిసారి భానుశ్రీ ఎత్తుకుంటుంది, రెండోసారి నువ్వు, మూడోసారి ఇద్దరూ కలిసి. సెల్లోను తొక్కేస్తున్న రెండు చోట్లా సగం మంది ఆగుతారు, ఎవరు ఆగాలో వాళ్ళే వంతులు వేసుకున్నారు. కచేరీ కాగితం మీద, సంగీతం మార్చి రాసినవాళ్ళ పేర్లలో నీదీ నాదీ ఉంటాయి. నాది ముందు ఉండాలన్నాను, ఒప్పుకోలేదు.

చివరికి నీ సంగతి వచ్చింది. అడగకుండా కచేరీ చెడగొట్టినవాడు ఇందులో ఉండాలా వద్దా అని చేతులెత్తమన్నారు. వద్దని లేచిన చేతుల్లో నాదొకటి.

ఓడిపోయాను. శనివారం మధ్యాహ్నం సాధన. రా.

కృపామణి